పట్నం పోలీసుల ఆట

బొంబాయి కూపరేజ్ మైదానంలో 1950 నుంచి 1954 దాకా అయిదేళ్లు వరుసగా రోవర్స్ కప్పును పట్టుకొచ్చిన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది కూడా వీళ్లే. పొద్దున పరేడ్ చేసి, సాయంత్రం బంతి ఆడే నెలజీతగాళ్లు కలకత్తా పెద్ద క్లబ్బులకు చెమటలు పట్టించారు. ఈ మాట ఇవాళ మా వీధిలో పిల్లలకు చెబితే నా ముఖం వంక చూస్తారు. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఆ జట్టు శిక్షకుడు రహీం పేరైతే వాళ్లకు తెలిసింది. అందుకు నాకు నిజంగా సంతోషం. అయితే రహీం సాబ్‌నూ ఆయన ఆటగాళ్లనూ కని పెంచిన బతుకు ఒకటి ఈ ఊళ్లో ఉండేది. అది సినిమాలో పట్టదు. దాని చివరి అంచును కళ్లారా చూసినవాణ్ని కనుక, చూసినంత, పెద్దల నోట విన్నంత రాస్తున్నాను.

మా చిన్నాయన పోలీసుశాఖలో గుమాస్తా. గోషామహల్ దగ్గర ఒక ఇరుకు గల్లీలో ఉండేవాడు. సెలవులొస్తే నన్ను అక్కడ దింపేవాళ్లు. గల్లీ మొదట్లో కిరాయి సైకిళ్ల దుకాణం. దాన్ని నడిపే పెద్దాయనను అందరూ చాచా అనేవాళ్లు, చిన్నాయన కూడా. ఆ దుకాణం గోడకు దేవుళ్ల పటాలు, సినిమా తారల బొమ్మలు ఉండేవి కావు. ఉర్దూ పేపర్లలోంచి కత్తిరించి మైదాపిండితో అతికించిన ఫుట్‌బాల్ జట్ల ఫొటోలు ఉండేవి. పొగకు, సైకిలు నూనెకు మాసిపోయి ముఖాలు ఆనవాలు పట్టేట్టు ఉండేవి కావు. చాచా మాత్రం వేలు పెట్టి చూపిస్తూ పేర్లు చదివేవాడు. బ్యాకులు అజీజ్, లతీఫ్. హాఫ్ నూర్ మహమ్మద్. అహ్మద్ హుస్సేన్. జుల్ఫికర్. మా బడిలో రాజుల పేర్లు ఎలా వల్లె వేయించేవారో అలా ఆ పేర్లు మాకు నోటికి వచ్చేశాయి.

రహీం సాబ్ పూర్తి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టులో ఇక్కడే పుట్టారు, ఉస్మానియాలో చదివారు, వృత్తి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేతికి తీసుకుని, పోయేదాకా విడవలేదు. దేశం జట్టునూ, ఊరి జట్టునూ ఏకకాలంలో తయారుచేసిన మనిషి. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ బంగారం, ఇవన్నీ ఆయన కాలంవే. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆ నాలుగో స్థానాన్ని మనం ఇంతవరకూ దాటలేదు.

పంతులు కాబట్టి ఆయన ఆటను పంతులులాగే నేర్పారు. హైదరాబాదులో పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు వింటే ఇప్పటి శిక్షకులు కూడా ఆగి ఆలోచిస్తారు. ఒకటి, డ్రిబ్లింగ్ లేని పోటీ. బంతి కాలికి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. కాలి కింద దాచుకుని ఎదుటివాణ్ని తప్పించి పరిగెత్తబోతే కుదరదు. రెండోది, చేతకాని కాలితో ఆడే పోటీ. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. ఎత్తు కొలిచి, పొడుగు పిల్లలను పక్కనపెట్టి, పొట్టివాళ్లకు వేరే పోటీ పెట్టేవారు. లేకపోతే వయసుకు ముందే ఎదిగిన పిల్లలు భుజబలంతో నెగ్గుకొస్తారు, అసలు ఆట నేర్చుకోవలసిన చిన్నవాడు గట్టున కూర్చుండిపోతాడు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు కూడా ఈ పద్ధతులు మా గల్లీలో బతికే ఉన్నాయి. ఆదివారం పొద్దున చాచా మమ్మల్ని వరుసగా నిలబెట్టి మా కుడికాళ్లకు గుడ్డపీలికలు కట్టేవాడు. పీలిక కట్టిన కాలు బంతికి తగిలిందంటే ఫౌల్. మొదట్లో అడుగడుక్కీ పడిపోయేవాళ్లం. నెలరోజులు గడిచేసరికి ఎడమకాలికి దానంతట అదే దారి తెలిసింది. ఎవడైనా బంతి పట్టుకుని కాస్త ముచ్చట చేశాడంటే దుకాణం అరుగు మీంచి కేక వినపడేది: “బాల్ ఘర్‌కు లేకే జాతా క్యా రే? దే దే!” గల్లీ అంతా నవ్వేది. వాడు సిగ్గుపడి బంతి ఇచ్చేసేవాడు. ఈ నేర్పు మాకు మైదానంలోనే ఆగిపోలేదనుకుంటాను. ఆ గల్లీలో తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ ఇళ్లు కలిసి ఉండేవి. ఎవరింట్లో ఏ పండుగైనా మాలో అందరికీ ఇంత పెట్టిగాని పంపేవాళ్లు కాదు.

అప్పటి బంతి సంగతి కూడా చెప్పాలి. తోలు ముక్కలు కుట్టి, లోపల రబ్బరు బ్లాడర్ పెట్టి, మూతిని తోలు లేసుతో బిగించేవాళ్లు. వానలో తడిస్తే నీళ్లు పీల్చి బరువెక్కేది. హెడ్డింగ్ చేసినప్పుడు లేసు ముడి నుదుటికి తగిలిందంటే చర్మం చీరుకుపోయేది. పాత ఆటగాళ్లలో నుదుటి మీద ఆ గీత ఉన్నవాళ్లను నేను చూశాను. మా గల్లీ మొత్తానికి ఒకటే బంతి. రాత్రి అది ఎవరింట్లో పడుకోవాలన్నదానికి వంతులుండేవి. తోలు ఎండి బిర్రబిగుసుకుపోకుండా కొవ్వు రాసేవాళ్లం. బూట్లు అంతకన్నా అపురూపం. మోచీ దగ్గర పాతవి బాగు చేయించి, అడుగున తోలు మేకులు కొట్టించి, అన్నదమ్ములు ఒకే జతను మార్చి మార్చి వేసుకునేవాళ్లు. లేనివాళ్లు మడమలకు పట్టీలు చుట్టుకుని వట్టికాళ్లతో ఆడేవాళ్లు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది అలాగే ఆడారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడాక, ఇక బూట్లు తప్పవని దేశమంతా తెలుసుకుంది.

ఈ కాలం గురించి మాట్లాడినప్పుడల్లా తులసీదాస్ బలరాం కథ దగ్గర నేను ఆగిపోతాను. 1936లో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టారు. తమిళం మాట్లాడే పేద కుటుంబం. రహీం సాబ్ ఆయన ఆట చూసి శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాదుకు రోజూ రావాలంటే డబ్బేదీ? రహీం సాబ్ సైకిలు కిరాయికి డబ్బులిచ్చి రప్పించుకున్నారు. మా చాచా ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా కిరాయి సైకిలు అన్న చోట గొంతు పెంచి, వరసగా నిలబెట్టిన తన సైకిళ్లకేసి చెయ్యి ఊపేవాడు. అలా సైకిలు తొక్కుకుంటూ వచ్చిన కుర్రవాడు 20 ఏళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. ఒక ఊరు ఒక పిల్లవాడి మీద రోజుకింత చొప్పున పెట్టిన చిన్నపాటి ఖర్చు దేశానికి అంత తిరిగిచ్చింది.

పోలీసు నౌకరీ ఈ మొత్తం బతుక్కి ఇరుసు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిశాక, పాత సర్కారు కొలువుల మీద ఆధారపడిన ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలగడమే కష్టమైపోయింది. బంతి బాగా ఆడే పిల్లవాడికి పోలీసులో ఉద్యోగం దొరకడమంటే ఆ ఇంటికి నెలనెలా జీతం, ఒంటి మీద గౌరవంగా ఒక యూనిఫాం. రెండేళ్లు తిరిగేసరికి ఆ జట్టు ఢిల్లీలో, బొంబాయిలో కప్పులు గెలిచింది. మా చిన్నాయనతో పనిచేసిన పాతకాపులు ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు గెలుపుకన్నా ఎక్కువగా ఒక మాట అనేవాళ్లు: రోవర్స్ కప్పు తెచ్చినప్పుడు మళ్లీ తలెత్తుకుని బజార్లో నడిచామని. ఆ మాట వెనకున్న దుఃఖం నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

ఆటగాళ్లు ఊరికి దూరంగా ఎక్కడో ఉండేవాళ్లు కాదు. పొద్దున చౌరస్తాలో కనిపించినవాడే సాయంత్రం బ్యాక్ ఆడేవాడు. ఇరానీ హోటల్లో పక్క బల్ల దగ్గర కూర్చుని చాయ్‌లో బిస్కెట్ ముంచుకునేవాడు. నిన్నటి ఆటలో తప్పు పాస్ ఇచ్చాడంటే చాయ్ తెచ్చిన కుర్రాడు కూడా మొహమాటం లేకుండా అడిగేవాడు. వాళ్లూ కోపం చేసుకునేవాళ్లు కాదు. చెంచాలు, ఉప్పు డబ్బా, కప్పులు బల్ల మీద సర్ది, బంతి ఎటునుంచి ఎటు వెళ్లిందో చూపించేవాళ్లు. 1958లో బ్రెజిల్ ఆడగా లోకమంతా మెచ్చుకున్న 4-2-4 వరస రహీం సాబ్ అంతకుముందే మనవాళ్లచేత ఆడించారని వాళ్లు చెప్పేవాళ్లు. సెంటర్ ఫార్వర్డును వెనక్కి లాగి ఎదుటి బ్యాకులను ఎలా తికమకపెట్టారో చెంచాలతో చూపించిన ఒక పాత ఆటగాడి చేతివేళ్లు ఇప్పటికీ నా కళ్లముందున్నాయి.

మ్యాచి రోజు ఫతే మైదాన్ వైపు జనం నడిచే వెళ్లేవాళ్లు. చిన్నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకునేవాడు. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చిన గుమాస్తాలు టిఫిను డబ్బాలతో, చార్మినార్ పక్క నుంచి వచ్చిన అత్తరు వ్యాపారులు, సికింద్రాబాద్ లష్కర్ నుంచి వచ్చిన రైల్వేవాళ్లు, బర్కస్ నుంచి లుంగీల్లో గుంపుగా వచ్చిన అరబ్బుల పిల్లలు, అందరూ ఒకే గట్టు మీద ఒదిగి కూర్చునేవాళ్లు. బర్కస్‌వాళ్లకు బంతి అంటే ఉన్న పిచ్చి ఇంకెవరికీ ఉండేది కాదు. మంచి పాస్‌కు గోలుకన్నా ఎక్కువ చప్పట్లు పడేవి. ఇది నేను ఇంకే ఊళ్లోనూ చూడలేదు. గోలు కొట్టినవాడికన్నా దానికి ముందు బంతి ఇచ్చినవాడి పేరు పట్టుకుని అరిచేవాళ్లు. అది రహీం సాబ్ ఆటగాళ్లకే కాక, చూసేవాళ్లకూ నేర్పి వెళ్లిన చదువు.

1956లో రాష్ట్రం మారింది. కొన్నాళ్లకు జట్టు పేరూ ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆట మాత్రం తగ్గలేదు. 1957లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ మళ్లీ వచ్చాయి. రాష్ట్ర జట్ల పోటీ సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956–57లో, 1957–58లో వరసగా గెలిచింది, రెండోసారి సొంత ఊళ్లోనే. 1960లో రోవర్స్, 1961లో మోహన్ బగాన్ మీద మళ్లీ డ్యూరాండ్. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి రోవర్స్, 1963లో తిరిగి తామొక్కరే.

జకార్తాకు వెళ్లేనాటికే రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. 1962 సెప్టెంబరు 4న ఫైనల్. మైదానంలో జనమంతా మనకు ఎదురుతిరిగి ఉన్నారు. గోల్‌లో తంగరాజ్ మన ఊరివాడు. యూసుఫ్ ఖాన్, బలరాం కూడా మన ఊరివాళ్లే. తలకు దెబ్బ తగిలిన జర్నైల్ సింగ్‌ను బ్యాక్ నుంచి తీసి ముందుకు పంపి ఆడించారు. ఒక గోలు పి.కె. బెనర్జీది, ఒకటి ఆ జర్నైల్‌ది. దక్షిణ కొరియా మీద 2–1. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. యాభై నాలుగు కూడా నిండలేదు. ఆ రోజు చాచా దుకాణం తెరవలేదని చిన్నాయన చెప్పాడు.

ఆ తరవాత జరిగినదానికి ఒక్క కారణం చెప్పి ఊరుకోలేం. కలకత్తా పిలుపు అంతకుముందే మొదలైంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. నయీముద్దీన్ వెళ్లారు, హబీబ్ వెళ్లారు, ఆయన తమ్ముడు అక్బర్ వెళ్లారు, తరవాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. 1977లో పేలే కాస్మాస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు 2–2తో నిలిచిన మోహన్ బగాన్ తరఫున ఒక గోలు మన హబీబ్‌దే. వాళ్లు వెళ్లినందుకు నాకు ఫిర్యాదు లేదు. పోలీసు జీతంతో పోలిస్తే అక్కడ దొరికేది ఎక్కువ, లక్ష కళ్లు చూసే ఆట అక్కడుంది. నా బాధ వేరు. వెళ్లినవాడి చోటులోకి గల్లీలోంచి ఇంకొకడు వచ్చే దారి మూసుకుపోయింది. 1965–66లో బెంగాల్‌ను ఓడించి ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరవాత ఆ కప్పు మళ్లీ మన గడప తొక్కలేదు.

దారి ఎలా మూసుకుపోయిందో మా గల్లీలోనే చూశాను. ఆటగాళ్ల కోటాలో పోలీసు ఉద్యోగాలు తగ్గుతూ వచ్చాయి. బడిపంతుళ్లు సాయంత్రాలు మైదానంలో ఉండటం మానేశారు. ఫతే మైదాన్‌లో 1955లోనే న్యూజిలాండ్‌తో క్రికెట్ టెస్టు జరిగి, ఉమ్రిగర్ 223 కొట్టాడు. మన దేశం తరఫున టెస్టుల్లో అదే తొలి డబుల్ సెంచరీ. అప్పట్లో రెండు ఆటలూ పక్కపక్కన బతికాయి. లాల్ బహదూర్ స్టేడియం అని పేరు మారాక క్రమంగా అది ప్రధానంగా క్రికెట్ చోటయింది. చిన్న మైదానాలు ఫంక్షన్ హాళ్లయ్యాయి, పార్కింగులయ్యాయి. మేం ఆడిన ఖాళీ స్థలంలో ఇప్పుడు ఆరంతస్తుల కట్టడం ఉంది. సైకిలు కిరాయిలు పోయాయి. చాచా కొడుకులు దుకాణం అమ్మేసి వెళ్లిపోయారు. గోడ కూల్చినప్పుడు ఆ ఫొటోలు తీసి దాచాలన్న తెలివి మాలో ఎవరికీ రాలేదు. అందుకు ఇప్పటికీ కడుపులో రగులుతుంది.

మళ్లీ ఆశ పుట్టిన సందర్భమూ ఉంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ చాంపియన్ అయింది. ఆ రాత్రి ఇంట్లో నేనొక్కణ్నే కేకలు పెట్టాను. తీరా 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. డబ్బు పెట్టేవాళ్లు తలచుకుంటే రాత్రికి రాత్రి సామాను సర్దుకునే జట్టును చూశాక, పోలీసు లైన్లలోంచి, మొహల్లాల్లోంచి మొలిచిన జట్టు విలువ ఏమిటో ఇంకా బాగా తెలిసింది. దాన్ని ఎవరూ ఇంకో ఊరికి ఎత్తుకుపోగలిగేవాళ్లు కాదు. 2023 ఫిబ్రవరిలో బలరాం కలకత్తాలో పోయారు. ఆగస్టు 15న హబీబ్ ఇక్కడ, పుట్టిన ఊళ్లోనే పోయారు. ఆ రెండు కబుర్లూ పేపర్లో లోపలి పేజీల్లో చదివాను.

2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్, కేరళ ఆడాయి. నేను మనవణ్ని తీసుకుని వెళ్లాను. మా పక్కన కేరళ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న కుర్రాళ్లు డప్పులు మోగిస్తున్నారు. ఆట చివర, అదనపు నిమిషాల్లో రాబి హన్స్‌దా గోలు కొట్టి బెంగాల్‌ను గెలిపించాడు. కుర్రాళ్లు కూలబడ్డారు. అందులో ఒకడు కాసేపటికి తేరుకుని, ఇంగ్లీషూ హిందీ కలిపి నన్నడిగాడు: “అంకుల్, మీ హైదరాబాద్ ఎప్పుడైనా గెలిచిందా ఇది?” గెలిచింది బాబూ, ఈ ఊళ్లోనే గెలిచింది అన్నాను. వాడు నమ్మలేదు. అప్పుడు మొదలుపెట్టాను. అజీజ్, లతీఫ్, నూర్ మహమ్మద్. అమ్ముగూడ నుంచి సైకిలు. గుడ్డపీలిక కట్టిన కుడికాలు. గేటు దాటి బస్‌స్టాపు చేరేదాకా చెబుతూనే ఉన్నాను. వాడు ఫోను తీసి పేర్లు రాసుకుంటూ, మధ్యలో ఆపి మరీ అడుగుతున్నాడు. పీలిక ఏ కాలికి కట్టేవాళ్లో మనవడు వాడికి నాకన్నా ముందే చెప్పేశాడు.